ఉండలు లేని కప్పు

చింతలమెరక పురపాలక సంఘానికి మురుగు కాలవల బాధ ఉంది. వాన పడినా పడకపోయినా కాలవలో నీళ్ళు కదలవు. ఆ నీళ్ళని కదిలించడం ఎలాగో తెలుసుకు రమ్మని చైర్మన్ గారిని జపాన్ పంపించారు. ఆయన వెళ్ళారు. అక్కడ కాలవలన్నీ భూమి లోపల ఉన్నాయి. కనబడని దాన్ని అధ్యయనం చెయ్యడం కష్టం కాబట్టి ఆయన బజార్లు అధ్యయనం చేశారు. వచ్చే ముందు ఎవరో వాళ్ళింటికి తీసుకువెళ్ళి, చాప మీద కూర్చోబెట్టి, గిన్నెలో ఆకుపచ్చని టీ ఇచ్చారు. దాన్ని మాచా అంటారని చెప్పారు. ఆయన తాగారు. గొంతులో ఎక్కడా ఏమీ తగల్లేదు. బయటికి వచ్చి చూస్తే వీధిలో చెత్త లేదు, కేకలు లేవు, బస్సు దగ్గర ఎవరూ ఎవర్నీ తోసుకోవడం లేదు.

ఆ రెంటినీ ఆయన విమానంలో ముడిపెట్టుకున్నారు.

దిగిన మర్నాడే సభ పెట్టారు. "మన జాతి ఇలా ఎందుకేడుస్తోంది? మన కప్పులో ఉండలున్నాయి కాబట్టి. కప్పులో ఉండ ఉంటే గొంతులో ఉండ. గొంతులో ఉండ ఉంటే మనసులో ఉండ. ప్రతి ఇంట్లో, ప్రతి ఉదయం, ఉండలు లేని మాచా ఒక్క కప్పు తయారైతే చాలు. మురుగు దానంతటదే కదులుతుంది" అన్నారు.

చప్పట్లు కొట్టారు. కొట్టనివాళ్ళ వైపు ఆయన చూశారు, వాళ్ళూ కొట్టారు.

దోమల నిర్మూలన విభాగాన్ని రద్దు చేసి, అందులో ఉన్నవాళ్ళందరినీ 'గృహ మాచా మృదుత్వ విభాగం' కింద మార్చారు. దోమలకి ఆ మార్పు సంగతి తెలియజెయ్యలేదు. ఇంటింటికీ ఒక పొడి డబ్బా, ఒక చిన్న జల్లెడ, ఒక వెదురు కవ్వం పంచారు. ఆ కవ్వం చూడ్డానికి గడ్డం గీసుకునే బ్రష్షులా ఉంది. కొందరు గీసుకున్నారు కూడా. పాత బస్టాండు దగ్గర ఒకావిడ ఆ పొడిని మజ్జిగ కుండలో వేసి, స్తంభానికి తాడు కట్టి పెద్ద కవ్వంతో చిలికింది. దూలాలు పచ్చబడ్డాయి. ఇంకొకావిడ చారుపొడి అనుకుని మరిగించి, ఇంగువ పోపు పెట్టింది. ఇంకొకావిడ గోరింటాకనుకుని తలకి పట్టించింది. అన్నిట్లోకీ మంచి ఫలితం అక్కడే కనిపించిందని వీధిలో చెప్పుకున్నారు.

వంతెన వీధి చివరింట్లో గవర్రాజు ఒక్కడే ఉంటాడు. కాలవ లాకుల దగ్గర లస్కరుగా చేసి దిగిపోయాడు. తలుపులెత్తమంటే ఎత్తడం, దించమంటే దించడం, ఇదీ ఆయన ఉద్యోగం. ఎత్తమనేవాళ్ళనీ దించమనేవాళ్ళనీ చూసి చూసి మనుషులంటేనే ఆయనకి రోత పుట్టింది. భార్య తాయారు పోయాక ఆ రోత దాచుకోవాల్సిన పని కూడా లేకపోయింది. పదోరోజున చుట్టాలు మాతో రమ్మన్నారు. రమ్మన్నవాళ్ళ మొహాల్లో రావద్దని రాసి ఉంది. ఆయన చదువుకున్నది ఊరి బడిలోనే గాని ఆ మాత్రం చదవగలడు. వెళ్ళలేదు.

ఆ ఇల్లు తాయారూ తనూ ఇటుక మీద ఇటుక పేర్చుకుని కట్టుకున్నది. ఇక లోకంతో ఆయనకున్న పని ఒక్కటే. ఈ గడప తనని నలుగురు మోసుకుపోతూ దాటించాలి గాని, తన కాళ్ళతో తను నడిచి వదిలిపోకూడదు. అంతకుమించి ఆయన ఎవర్నీ ఏమీ అడగలేదు.

గోడకవతల సూరీడమ్మ. ఆమెకీ మొగుడు లేడు. అప్పడాలు చేసి అమ్ముతుంది. మధ్యాహ్నం ఆమె పిండి దంచడం మొదలెడితే ఇవతల గూట్లో దేవుడి పటాలు కదిలేవి. తాయారు ఉన్నప్పుడు, పెరటివైపు పొట్టిగా ఉన్నచోట ఆ గోడ మీద చేతులు వేసుకుని ఆడవాళ్ళిద్దరూ మాట్లాడుకునేవారు. ఇప్పుడు ఆ గోడకి అటొకరూ ఇటొకరూ, అంతే.

ఒక ఉదయం మృదుత్వాధికారి నీలాద్రిరావు వచ్చాడు. నిన్నటిదాకా దోమల అధికారి. చేతిలో భూతద్దం కొత్తది, చొక్కాకి మందు వాసన పాతది.

"గృహస్తు గవర్రాజు గారేనా?"

"ఆయ్. ఏం కావాలండి?"

"మీ ఉదయకాల మృదుత్వాన్ని పరిశీలించుటకు వచ్చాము."

"నాకు మృదుత్వం లేదండి. ఈ వీధిలో ఎవర్నడిగినా చెప్తారు."

"మీది కాదు. మీ కప్పుది."

గవర్రాజు లోపలికి రానిచ్చాడు. నీలాద్రిరావు వంటింటి గుమ్మంలో నిలబడి, కళ్ళు సగం మూసుకుని పాఠం అప్పజెప్పాడు. "ప్రథమంగా పొడిని జల్లించవలెను. నీరు మరిగిన పిదప దించి, బుడగలు సద్దుమణుగు వరకు నిరీక్షించవలెను. మరుగు నీరు పోసినచో చేదు పుట్టును. కొద్దిపాటి నీటితో ముద్ద చేసి, తదుపరి మిగిలిన నీటిని కలపవలెను. కవ్వమును గుండ్రముగా తిప్పరాదు. మణికట్టుతో ముందుకు, వెనుకకు."

గవర్రాజు పొడి జల్లించాడు. నీళ్ళు దించి ఆగాడు. ముద్ద చేశాడు, నీళ్ళు పోశాడు, కవ్వం ఆడించాడు. చెయ్యి ఎక్కడా తడబడలేదు. చివర్లో తాయారుకి గొంతు సరిగ్గా పట్టేది కాదు. రాగి జావలో ఆవగింజంత ఉండ తగిలినా దగ్గు తెరలు తెరలుగా వచ్చి కళ్ళు తేలేసేది. పిండి ముందు చల్లటి నీళ్ళలో కలుపుకోవడం, పలచటి గుడ్డలో వడగట్టడం, చెయ్యి ఆపకుండా కలపడం అప్పుడు అలవాటయింది. ఆ చెయ్యి తీసుకొచ్చి ఇప్పుడు దోమలవాడి ముందు ఆడించాల్సి వచ్చినందుకు ఒళ్ళు మండింది.

పైన సన్నటి నురగ సమంగా లేచింది. నీలాద్రిరావు భూతద్దం పెట్టి చూశాడు. గిన్నె వంచి చూశాడు. వేలితో అడుగు తడిమాడు.

"అద్భుతం. ఉండ శూన్యం. ఇక ఆస్వాదకుల్ని పిలవండి."

"ఎవర్ని?"

"తాగు వ్యక్తిని. చేసినవారు తమ మృదుత్వాన్ని తామే ధ్రువీకరించుకొనరాదు. గృహమందలి వేరొక సభ్యుడు సేవించి, గొంతులో ఏమియు తగల్లేదని నోటితో పలకవలెను."

"ఇంట్లో ఇంకెవరూ లేరండి."

"భార్యగారు?"

"చచ్చిపోయింది."

నీలాద్రిరావు ఒక్క క్షణం తల వంచాడు. "సంతాపం. ఆ స్థానంలో తాత్కాలికంగా ఎవరినీ ఏర్పాటు చేసుకొనలేదా?"

"దేనికి?"

"సేవించుటకు."

గవర్రాజు గిన్నె వైపు చెయ్యి చూపించాడు. "మీరున్నారుగా. తాగి చావండి."

"మేము పరిశీలకులం. సేవించినచో పక్షపాతం కలుగును." నీలాద్రిరావు గిన్నె కింద పెట్టి నిట్టూర్చాడు. "కప్పు నున్నగా ఉన్నది. కానీ ఇంట్లో తయారు కాలేదు."

"మరెక్కడ తయారైందండి? మీ నెత్తి మీద తయారైందా?"

"ఆవేశపడకండి. ఇల్లు అనగా ఒకరు చేయగా మరొకరు తాగు చోటు. తనే చేసుకుని తనే తాగు చోటును వసతి అందురు. పథకం ఇళ్ళకు మాత్రమే వర్తిస్తుంది."

"వర్తించకపోతే పీడా పోయింది. దయచెయ్యండి."

"వర్తించదు కనుక మీరు ఇంటికి అర్హులు కారు. ఒంటరి వ్యక్తులందరినీ ఏకాంతవాసుల సమూహ మందిరానికి తరలించడమవుతుంది. అక్కడ ప్రతివారికీ పక్క మంచం కలదు. పక్క మంచమున్నచోట ఆస్వాదకుడున్నట్లే."

సమూహ మందిరమంటే పాత దోమల మందు గోడౌను. వంతెన వీధిలో అందరికీ ఆ వాసన తెలుసు.

నీలాద్రిరావు వెళుతూ తలుపు మీద ఆకుపచ్చ రంగుతో పెద్ద అక్షరాలు రాయించాడు: 'ఇది ఇల్లు కాదు.' పక్క తలుపు మీదా అవే రాయించాడు. సూరీడమ్మ చేతులకి పిండితో బయటికొచ్చింది.

"అన్నయ్యగారూ, మీదేంటంటండీ?"

"ఇల్లు కాదంట."

"మాదీ అంతేనంట. మా ఆయన తాగొచ్చి తన్నేటప్పుడు ఇల్లేనండి ఇది. తన్నేవాడు పోయాడు, నేను సుఖంగా కూచున్నాను, ఇప్పుడు కాదంట." ఆమె అక్షరాల్ని బొటనవేలితో రుద్ది చూసింది. "రంగు మాత్రం మంచిదే వేశాడండీ, పోవట్లేదు."

మర్నాడు ఇద్దరూ పురపాలక కార్యాలయానికి వెళ్ళారు. కలిసి వెళ్ళలేదు. ముందు ఆయన, వెనక కాస్త ఎడంగా ఆమె. అక్కడ గృహ నిర్వచన ఉపసంఘం కూర్చుని ఉంది. మధ్యలో కమిషనర్ గారు. ఒక్కొక్కరి ముందూ ఒక్కో ఆకుపచ్చ కప్పు, నురగ చల్లారి పాచి కట్టినట్టుంది. బల్ల కింద ఫ్లాస్కు మూత తీసి ఉండటం వల్ల గదంతా అల్లం టీ వాసన వేస్తోంది.

"నేను ఆ ఇంట్లోంచి కదలనండి" అన్నాడు గవర్రాజు. కూర్చోమనకపోయినా కూర్చున్నాడు.

"మీ మనోభావాన్ని పురపాలక సంఘం గమనంలోకి తీసుకోవడమైనది" అన్నారు కమిషనర్. "మనోభావాల వల్ల నిర్వచనం మారదు. అయితే ప్రభుత్వానికి హృదయం లేదని ఎవరూ అనకూడదు. మీ ఇరువురూ ఒంటరివారే. ఇరువురి మధ్యా ఒకే గోడ ఉన్నది. కావున మిమ్మల్ని సంయుక్త మృదుత్వ యూనిట్‌గా పరిగణించవచ్చు. ఒకరు చేయండి, ఒకరు తాగండి. ఆ కొద్దిసేపూ మీరు కుటుంబం."

సూరీడమ్మ గతుక్కుమంది. "అయ్యో రామ! ఆయన్ని నేను అన్నయ్యగారూ అంటానండి బాబూ!"

"వరసలు మా పరిధిలోకి రావు. మాకు కావలసింది ఒక గొంతు."

"అయినా ఈయన నా చేత్తో ఇస్తే తాగుతాడేంటండి? తాయారొదిన పోయిన రోజున కాఫీ తీసుకెళ్ళి ఎదురుగా పెడితే, గ్లాసు పక్కకి తోసేశాడు. చల్లారిపోయాక నేనే పారబోసుకున్నాను."

"అప్పుడు నీ కాఫీ ఎవడడిగాడు?" అన్నాడు గవర్రాజు. "ఈవిడ రోకలి పోట్లకి మా ఇంట్లో దేవుళ్ళు బోర్లా పడిపోతున్నారండి. ఈవిడతో నాకు కుటుంబం ఏంటి?"

"పడితే మేకు గట్టిగా కొట్టుకోవాలి. అదీ నేనే వచ్చి కొట్టాలా?"

కమిషనర్ ఉపసంఘం వైపు తిరిగారు. "గమనించారా? పాత విషయాలు ఎత్తుకుంటున్నారు. ఒకరి మాట ఒకరు పూర్తి కానివ్వడం లేదు. ఇవన్నీ కుటుంబ లక్షణాలే."

ఉపసంఘం గమనించింది. ఆమోదించింది.

ఒక చిక్కొచ్చింది. ఆయన చేసిన కప్పు ఆమె దగ్గరికి వెళ్ళాలంటే వీధిలోంచి వెళ్ళాలి. వీధిలోకొచ్చిన టీ ఇంటి టీ కాదు, అది హోటళ్ళ విభాగం కిందికి వస్తుంది. హోటళ్ళ విభాగం వాళ్ళు తమ అధికారం వదిలేది లేదన్నారు. అందుకని గోడకి కన్నం కొట్టాలని నిర్ణయించారు.

గునపాలతో మనుషులొచ్చారు. ముందు గిన్నె పట్టేంత కొట్టారు. నీలాద్రిరావు పరిశీలించడానికి తల దూర్చబోతే పట్టలేదు. తల పట్టేంత కొట్టారు. ఆ ఇటుక ఏ రోజు పేర్చిందో, తాయారు ఎక్కడ నిలబడి సున్నం అందించిందో గవర్రాజుకి గుర్తుంది. రాలిన ముక్కలు ఏరి పెరట్లో ఓ మూల పెట్టుకున్నాడు.

రోజూ పొద్దున్నే నీలాద్రిరావు కన్నంలో తల పెట్టేవాడు. తల అటు, ఒళ్ళు ఇటు. ఒక రోజు ఆయన చేసి అటు ఇచ్చేవాడు. సూరీడమ్మ ముక్కు పట్టుకుని గడగడా తాగి "తగల్లేదు" అనేది. మర్నాడు ఆమె చేసి ఇటు ఇచ్చేది. గవర్రాజు ఒక గుక్క తాగి "తగిలింది" అనేవాడు.

"ఏం తగిలిందండీ?" అని అవతల్నించి కేక.

"ఉసిరికాయంత ఉండ."

"తగలదా మరి? ఇది అప్పడాల పిండి కలిపే చెయ్యండి. పిండి దగ్గరికి రాగానే వేళ్ళు వాటంతటవే ఉండ చేసేస్తాయి. ఉండ చెయ్యకపోతే అప్పడం ఎలా ఒత్తుతాను, మీ తలకాయ!"

"నువ్వు చేసింది అప్పడం కాదు, టీ."

"టీ కాదది, గడ్డి! గడ్డిలో ఉండ ఉంటే ఏం, లేకపోతే ఏం? చప్పరించి మింగండి."

కన్నంలో ఇరుక్కున్న నీలాద్రిరావు మెడ తిప్పలేక ఎదురుగా ఉన్న గోడకే చెప్పేవాడు. "ఇరువురూ సంయమనం పాటించవలెను. యూనిట్ విచ్ఛిన్నమైనచో బస్సు సిద్ధంగా ఉన్నది."

గోడౌను పేరెత్తగానే గవర్రాజు కప్పు పైకెత్తి ఉండతో సహా మింగేసేవాడు. "తగల్లేదు" అనేవాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఆడిన పెద్ద అబద్ధం అదే. ఒక రోజు ఆ అబద్ధం ఆడగానే కన్నంలోంచి ఒక మినప అప్పడం వచ్చింది, వేయించింది. ఆయన తిన్నాడు. మర్నాటి నించీ అప్పడం వస్తూనే ఉంది.

ఈలోగా ఇంజనీర్ గారు వచ్చి కన్నం చుట్టూ టేపు పెట్టి కొలిచారు. "మధ్య గోడలో ఈ పరిమాణంలో రంధ్రం ఉన్నచో దానిని గోడ అనరాదు. అది అలంకారం. కావున ఇవి రెండిళ్ళు కావు, ఒకే ఇల్లు" అన్నారు.

ఒకే ఇంటికి రెండు వంటిళ్ళు ఎందుకు? అదనపు వంటింటి కింద గవర్రాజు వంటింటికి తాళం వేసి లక్క సీలు కొట్టారు. ఒకే ఇంటికి రెండు వీధి తలుపులెందుకు? అదనపు తలుపు కింద సూరీడమ్మ తలుపుకి సీలు కొట్టారు. ఇక ఆయన వండుకోవాలంటే కన్నంలోంచి అటు పాకాలి. ఆమె అప్పడాలు అమ్ముకోవడానికి వెళ్ళాలంటే కన్నంలోంచి ఇటు పాకాలి. సూరీడమ్మ ఒళ్ళున్న మనిషి. గునపాలవాళ్ళు మళ్ళీ వచ్చారు.

"అన్నయ్యగారూ, కాస్త చెయ్యందుకోండి" అనేది ఆమె, అప్పడాల బుట్ట ముందు తోసి. ఆయన బుట్ట అందుకునేవాడు. తర్వాత చెయ్యి. చెయ్యి అందించేటప్పుడు మొహం పక్కకి తిప్పుకునేవాడు.

"అసహ్యమా ఏంటండీ?"

"ఇటుక పొడి కళ్ళల్లో పడుతోంది."

ఆ నెలలో పొడి పంపిణీ ఆగిపోయింది. వర్షానికి గోడౌను పైకప్పు కారి, ఊరికి సరిపడా అక్కడే తెచ్చిపెట్టిన మాచా పొడి మొత్తం తడిసి, ఆరి, బిగిసి, ఒకే ఒక్క ఉండ అయిపోయింది. గదిలో గడపనించి వెనక గోడదాకా ఉండ. తలుపు తెరిస్తే పచ్చటి కొండ కనబడేది. సమ్మెటలతో కొడితే సమ్మెటలు వంగాయి. 'ఉండ' అన్న మాట మృదుత్వ విభాగం తన విషయంలో వాడకూడదు కాబట్టి దాన్ని 'ఏకీకృత నిల్వ' అన్నారు. దాని వల్ల సమూహ మందిరంలో మంచాలు వరండాలోకి జరపాల్సి వచ్చింది.

పొడి లేదని పథకం ఆపితే చైర్మన్ గారి పరువు పోతుంది. కమిషనర్ ఆలోచించి ఉత్తర్వు ఇచ్చారు. పొడి లేకుండానే కలపాలి. వేడినీళ్ళు దించి, బుడగలు సద్దుమణిగేదాకా ఆగి, కవ్వంతో ముందుకూ వెనక్కూ ఆడించి, అవతలి మనిషికి ఇవ్వాలి.

ఊరంతా వేడినీళ్ళు చిలికింది. ఒక్క కప్పులో ఒక్క ఉండ లేదు. నీలాద్రిరావు భూతద్దం అరిగిపోయేలా చూశాడు, లేదు. సంపూర్ణ మృదుత్వం సాధించిన తొలి పట్టణమని వంతెన వీధి మొదట్లో పందిరి వేసి సభ పెట్టారు. రాజధాని నించి పురస్కార బృందం రాబోతోందని చెప్పారు. కమిషనర్ మైకు పట్టుకుని, ముందు వరసలో ఉన్న గవర్రాజుని చూసి నవ్వారు.

"చూశారా గవర్రాజు గారూ! మొదట్లో మీరు మమ్మల్ని అపార్థం చేసుకున్నారు. ఈరోజు ఊళ్ళో ఎక్కడైనా ఉండ ఉన్నదా?"

"పొడే లేకపోతే ఉండెక్కడిదండి?"

"అదే మా విధానం యొక్క విజయం."

గవర్రాజుకి పొద్దున్నే కన్నంలో మోచేయి గీసుకుపోయింది. అది మండుతోంది. లేచి నిలబడ్డాడు. "అయితే ఆ పద్ధతిలోనే ఇళ్ళల్లోంచి మనుషుల్ని కూడా తీసెయ్యండి. గొంతులే ఉండవు, తగలడాలుండవు. పోట్లాటలుండవు, చావులుండవు, ఏడుపులుండవు. ఇల్లు నున్నగా, అద్దంలా ఉంటుంది. ఇంకో పురస్కారం తెచ్చుకోండి" అన్నాడు.

కమిషనర్ చైర్మన్ గారి చెవిలో ఏదో అన్నారు. చైర్మన్ గారి కళ్ళు మెరిశాయి, విమానంలో మెరిసినట్టే. నీలాద్రిరావు వేదిక దిగి వచ్చాడు.

"ఇది మీ స్వీయ ఆలోచనేనా? వేరెవరికైనా చెప్పి ఉన్నారా?"

సూరీడమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "ఏం నోరండీ అది! వీళ్ళకి వెటకారం తెలీదని మీకింకా తెలీదా?"

మర్నాడు మేళం వచ్చింది. శాలువా వచ్చింది. వాటి వెనక బస్సు వచ్చింది. ప్రతిపాదించినవారి ఇంటితోనే 'నిర్జన ఆదర్శ గృహం' ప్రారంభించడం మర్యాద అని ఉపసంఘం తీర్మానించింది. లోపల మనిషి ఉండడు, మంచం ఉండదు. బల్ల మీద చిలికిన వేడినీళ్ళు ఒక కప్పు మాత్రం ఉంటుంది. పురస్కార బృందం కిటికీలోంచి చూసి మార్కులు వేస్తుంది.

గవర్రాజు మెడ చుట్టూ శాలువా కప్పి, బస్సులో వచ్చిన పోలీసులిద్దరు చెరో భుజం పట్టుకుని గడప దాటించారు. నడిపించారు. తన కాళ్ళే, తన గడపే. అవతల సూరీడమ్మని కన్నంలోంచి ఇటు లాగి, ఈ తలుపులోంచే బయటికి తెచ్చారు. ఆమె రోకలి వదల్లేదు. రోకలితో సహా తెచ్చారు. తలుపు మీద 'ఇది ఇల్లు కాదు' చెరిపేసి, 'ఇదే ఇల్లు' అని రాశారు. తాళం వేశారు. సన్నాయి వాయించారు.

"ఎక్కండి" అన్నాడు బస్సు దగ్గర నీలాద్రిరావు. "మీకు వరండాలో గాలి వచ్చు మంచాలు కేటాయించాము. ఏకీకృత నిల్వకు ఎదురుగా."

గవర్రాజు బస్సు మెట్టు వైపు చూశాడు. తలుపు వైపు చూశాడు. చేతులు చాలాసేపు ఊరికే వేలాడాయి. తర్వాత వెనక్కి తిరిగాడు. సూరీడమ్మ చేతిలోంచి రోకలి అడక్కుండానే తీసుకున్నాడు. ఆమె ఇచ్చింది. తలుపు దగ్గరికి వెళ్ళి తాళం మీద ఒక్క పోటు పొడిచాడు. సన్నాయి ఆగింది. ఇంకో పోటు పొడిచాడు. గొళ్ళెం ఊడింది.

"గవర్రాజు గారూ! పురస్కార బృందం వంతెన దాటినది!" నీలాద్రిరావు పరుగెత్తుకొచ్చాడు. "మీరు లోనికి ప్రవేశించినచో గృహ మృదుత్వం భంగమగును. నిబంధన ప్రకారం మిమ్మల్ని ఉండ కింద నమోదు చేయవలసి వచ్చును!"

"చేసుకోండి."

"ఉండలను కలిపివేయు సర్వాధికారం మాకు కలదు!"

గవర్రాజు గుమ్మంలో ఆగాడు. శాలువా తీసి అతని చేతిలో పెట్టాడు.

"నేనే ఆ ఉండని. కవ్వం తెచ్చుకో. కలుపు, చూస్తాను."

లోపలికి వెళ్ళబోయి, తలుపు మూయకుండా పట్టుకుని నిలబడ్డాడు. ఎవరికోసమో చెప్పలేదు. సూరీడమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని, పోలీసుని ఒకణ్ణి భుజంతో నెట్టి, మెట్లెక్కి లోపలికొచ్చింది. అప్పుడు గడియ పెట్టాడు. రోకలి అడ్డం వేశాడు.

ఇల్లు బోసిగా ఉంది. బల్ల మీద కప్పులో వేడినీళ్ళు పొగలు కక్కుతున్నాయి. సూరీడమ్మ ఆయాసం తీర్చుకుంటూ దాని వైపు చూసింది.

"అన్నయ్యగారూ, ఆ వంటింటి సీలు కూడా పగలగొట్టండి. నీళ్ళెలాగూ కాగాయి. టీపొడి నా దగ్గరుంది, బొడ్లో దోపుకొచ్చాను. మామూలు టీపొడే."

ఆయన పగలగొట్టాడు. తాయారు పొయ్యి ఉన్నచోటే ఉంది. వెలిగించాడు.

బయట కార్లు ఆగిన చప్పుడు. గుసగుసలు. కిటికీకి ముక్కులు ఆనిన చప్పుడు. తర్వాత మైకు గరగరమంది. అందులోంచి నీలాద్రిరావు గొంతు, వణుకుతూ, మర్యాద తప్పకుండా వచ్చింది.

"లోపలి ఉండలకు విజ్ఞప్తి. లోపలి ఉండలకు విజ్ఞప్తి. గౌరవ పురస్కార బృందం విచ్చేసి ఉన్నారు. దయచేసి మీరు స్వచ్ఛందంగా కరిగిపోవలసినదిగా కోరుతున్నాము."

సూరీడమ్మ గ్లాసు ఆయన ముందు పెట్టింది. గవర్రాజు దాన్ని దగ్గరికి లాక్కుని, ఒక గుక్క తాగి, కిటికీ వైపు తిరిగాడు.

"కరగం" అన్నాడు.